జమోవి: సోషల్ వర్క్ పరిశోధకుల బల్ల మీద నాలుగేళ్లు

మా విభాగంలో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) రెండో సంవత్సరం విద్యార్థులు ఫీల్డ్ నుంచి ఇంటర్వ్యూ షెడ్యూళ్లను (అడిగి జవాబులు నింపిన ప్రశ్నపత్రాలను) కట్టలు కట్టి తెచ్చే రోజులకు, క్యాంపస్ గేటు బయట జిరాక్స్ షాపుల మీద ‘ఇచ్చట డేటా అనాలిసిస్ చేయబడును’ అనే బోర్డులు వెలుస్తాయి. షెడ్యూళ్లు అక్కడ అప్పగించి, వారం తిరిగాక పట్టికలు తెచ్చుకుని, నాలుగో అధ్యాయంలో అతికించి, ఒక్కో పట్టిక కింద ‘పై పట్టికను బట్టి తెలియునదేమనగా’ అంటూ రెండు వాక్యాలు రాసేయడం మా రంగంలో ఏళ్ల తరబడి సాగుతున్న ఆనవాయితీ. దాన్ని మా విద్యార్థుల వరకైనా మాన్పించాలనే పట్టుదలతో నాలుగేళ్ల కిందట జమోవి అనే ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్‌ను తరగతిలోకి తెచ్చాను. దానితో డిసెర్టేషన్లు (కోర్సు చివరి పరిశోధన నివేదికలు) చేయించాను, నా వ్యాసాలు రాసుకున్నాను, పత్రికలకు రివ్యూయర్‌గా ఇతరుల వ్యాసాలు చదివేటప్పుడు అనుమానం వచ్చిన అంకెలను సరిచూసుకున్నాను. ఆ అనుభవంతోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఆ బోర్డుల దారిలో ఒకప్పుడు నేనూ నడిచినదాన్నే. పీహెచ్‌డీ రోజుల్లో నా మొదటి వ్యాసానికి ఒక పత్రిక నుంచి పీర్ రివ్యూ, అంటే అదే రంగంలోని ఇతర పరిశోధకుల పరిశీలన, వచ్చింది. రెండో రివ్యూయర్ అడిగినవి మూడే ప్రశ్నలు: రెండు గుంపుల సగటుల మధ్య తేడా ఎంత పెద్దది, ఆ తేడాకు కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల హద్దులు) ఎంత, సమాధానం ఇవ్వనివారిని లెక్కలోంచి ఎలా తప్పించారు. నా దగ్గర ఉన్నది కాగితం మీద ముద్రించిన పట్టికలు మాత్రమే. లెక్క కట్టించిన సెంటర్‌కు పరుగెత్తితే, కంప్యూటర్ ఫార్మాట్ కొట్టించినప్పుడు పాత ఫైళ్లన్నీ పోయాయని సెలవిచ్చారు. రెండు వందల పైచిలుకు షెడ్యూళ్లను మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవలసి వచ్చింది. తప్పు వారిదని అనుకోవడం తేలికే గానీ, నా పరిశోధన లెక్క నా చేతిలో లేకుండా చేసుకున్నది నేనే.

జమోవిని 2017లో జొనాథన్ లవ్, డామియన్ డ్రాప్‌మన్, రవి సెల్కర్ అనే ముగ్గురు మొదలుపెట్టారు. అంతకుముందు వీరు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన జాస్ప్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీదే పనిచేశారు. జమోవిలో పైకి కనిపించేది ఎక్సెల్‌ను పోలిన షీటు, లోపల లెక్క కట్టేది ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాష. ఆర్ నేర్చుకోవడానికి భయపడే విద్యార్థి ఆదేశాలేవీ రాయకుండా మౌస్‌తోనే పని కానిచ్చుకోవచ్చు. ఇష్టమున్నవారు సింటాక్స్ మోడ్ తెరిస్తే ప్రతి విశ్లేషణకూ సరిపోయే ఆర్ కోడ్ ఎదురుగా కనిపిస్తుంది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్ ఫైళ్లను నేరుగా తెరుస్తుంది కనుక పాత డేటా వృథా పోదు. ఎస్‌పీఎస్‌ఎస్ 1968 నుంచి సాంఘిక శాస్త్రాలవారికి అన్నం పెట్టిన సాఫ్ట్‌వేర్, దాన్ని తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. కాకపోతే లైసెన్సు కొనగలిగే విద్యార్థి మా దగ్గర లేడు. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే దొంగ కాపీతో చేసిన లెక్కను థీసిస్‌లో ‘ఎస్‌పీఎస్‌ఎస్ ఉపయోగించబడినది’ అని గర్వంగా రాసుకోవడం నాకెప్పుడూ ఇబ్బందిగానే ఉండేది.

పని తీరు విషయానికి వస్తే, ఎడమవైపు ఎంపికలు, కుడివైపు ఫలితాలు ఉంటాయి. ఒక గడిలో టిక్ పెట్టగానే కుడివైపు పట్టిక అప్పటికప్పుడే మారుతుంది. ఉదాహరణకు స్వయం సహాయక సంఘాల్లో ఉన్న మహిళలకూ లేనివారికీ నిర్ణయాధికార స్కోరులో తేడా ఉందా అని చూడటానికి టి-టెస్ట్ (రెండు గుంపుల సగటులను పోల్చే పరీక్ష) తెరిచామనుకోండి. వెల్చ్ పద్ధతి, మాన్-విట్నీ వంటి ప్రత్యామ్నాయ పరీక్షలు, ఎఫెక్ట్ సైజు (తేడా ఎంత పెద్దదో చెప్పే అంకె), దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, లెవీన్ పరీక్ష అన్నీ ఒకే పలకలో పక్కపక్కనే ఉంటాయి. రెండు గుంపుల్లో స్కోర్ల చెదురు (వేరియన్స్) సమానంగా లేదని లెవీన్ పరీక్ష తేల్చిన పక్షంలో పట్టిక కిందనే ఒక చిన్న గమనిక ప్రత్యక్షమవుతుంది. నన్ను అప్పట్లో రెండో రివ్యూయర్ అడిగిన ప్రశ్నల్లో రెండింటికి ఇక్కడ రెండు టిక్కులతో జవాబు దొరుకుతుంది. ఎఫెక్ట్ సైజుకు కొలతలు చెప్పిన గణాంకవేత్త కోహెన్ 0.2ను చిన్న తేడా, 0.5ను మధ్యరకం, 0.8ను పెద్దది అన్నారు కదా అని విద్యార్థులు ఆ మూడు అంకెలనే పట్టుకుని వేలాడతారు. అది వారి అలవాటే గానీ సాఫ్ట్‌వేర్ దోషం కాదు.

కానీ ఈ తక్షణ స్పందనలోనే నాకు పెద్ద భయమూ ఉంది. టిక్ పెడితే మారే పట్టిక ముందు కూర్చున్న విద్యార్థి, పి-విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.05 కిందికి దిగేవరకు టిక్కులు పెడుతూ తీస్తూ ఉంటాడు. వయసు, కులం, చదువు, ఆదాయం, కుటుంబ రకం, ఇలా మన డిసెర్టేషన్లలో ఉండే ప్రతి వివరాన్నీ స్కేల్ (ఒక గుణాన్ని కొలిచే వాక్యాల సమితి) స్కోరుతో జతచేసి ఇరవై పరీక్షలు నడిపితే, నిజానికి ఎక్కడా ఏ సంబంధమూ లేకపోయినా, కనీసం ఒకటైనా ‘సిగ్నిఫికెంట్’ అని తేలే అవకాశం ఆ పరీక్షలు ఒకదానిపై ఒకటి ఆధారపడకపోతే 64 శాతం. ఎస్‌పీఎస్‌ఎస్‌లో ప్రతిసారీ మెనూ తెరిచి ‘ఓకే’ నొక్కవలసిన శ్రమ ఈ దురాశకు కొంత అడ్డుకట్ట వేసేది. జమోవి ఆ అడ్డు తీసేసింది. అందుకే మా దగ్గర ఏ పరికల్పనను ఏ పరీక్షతో చూడబోతున్నారో డేటా ఎక్కించకముందే కాగితం మీద రాసి సంతకం చేసి నాకివ్వాలన్న నిబంధన పెట్టాను. విద్యార్థులు దీన్ని ‘మేడం గారి బాండు పేపరు’ అంటారు.

ఇక నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన సందర్భం ఒక స్కేల్ విశ్వసనీయత లెక్కలో ఎదురైంది. మా విద్యార్థిని ఒకరు హాస్టల్లో ఉండి చదువుకునే బాలికల ఆత్మగౌరవంపై పనిచేస్తూ రోజెన్‌బర్గ్ స్కేల్‌ను తెలుగులోకి మార్చుకుని వాడింది. 1965 నాటి ఆ స్కేల్‌లో పది వాక్యాలుంటాయి. ఐదు అనుకూలంగా, ఐదు ప్రతికూలంగా ఉంటాయి. ప్రతికూల వాక్యాల మార్కులను తిరగేసి కలపాలి, అంటే 1 నుంచి 4 వరకు కోడ్ చేసుకుంటే 5లోంచి తీసివేయాలి. జమోవిలో ఈ పనికి ట్రాన్స్‌ఫామ్ అనే సదుపాయం ఉంది. సూత్రం ఒక్కసారి రాసి ఐదు వాక్యాలకూ ఒకేసారి వర్తింపజేయవచ్చు, అసలు నిలువు వరుస చెక్కుచెదరకుండా పక్కనే ఉంటుంది. చేత్తో రీకోడ్ చేసి, ఏది తిరగేశామో ఏది తిరగేయలేదో మరిచిపోయి తలపట్టుకున్నవారికి దీని విలువ తెలుస్తుంది.

ఆమె ఐదూ సరిగ్గానే తిరగేసింది. అయినా రిలయబిలిటీ పట్టిక కింద జమోవి ఒక గమనిక చూపించింది: ఎనిమిదో వాక్యం మొత్తం స్కోరుతో వ్యతిరేక దిశలో నడుస్తోంది, బహుశా దీన్ని తిరగేయాలి, అని. అమ్మాయి ఆ మాట విని, ఒకసారి తిరగేసిన వాక్యాన్ని మళ్లీ తిరగేసింది. ఆల్ఫా (వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే అంకె) పెరిగింది, ఆమె సంతోషించింది, అధ్యాయం రాసి తెచ్చింది. ఆ ఎనిమిదో వాక్యం సారాంశం, నా మీద నాకు ఇంకాస్త గౌరవం ఉంటే బాగుండునని అనుకుంటాను, అని. అమెరికాలో దీనికి ‘అవును’ అనడం ఆత్మగౌరవం తక్కువగా ఉందనడానికి గుర్తు. ఆమె ఫీల్డ్ డైరీ తిరగేస్తే అందులో ఒక బాలిక అడిగిన ప్రశ్న ఉంది: “అక్కా, గౌరవం ఇంకా పెరగాలని కోరుకోవడం మంచిదే కదా, దీనికి అవును అంటే తప్పా?” ఆ పిల్లలు దాన్ని లోటుగా కాదు, మంచి కోరికగా చదివారు. చైనా వంటి చోట్ల కూడా ఈ వాక్యమే ఇలా ఎదురుతిరిగిందని పరిశోధకులు చాలాకాలంగా రాస్తున్నారు. అంటే వచ్చిన చిక్కు తిరగేయడంలో కాదు, అనువాదంలోనూ అర్థంలోనూ ఉంది. వాక్యాన్ని స్కోరులోంచి తీసేసి, తీసేసిన సంగతినీ, దానితోనూ దాన్ని వదిలేసీ వచ్చిన ఫలితాలను రెండింటినీ రాయడమే అక్కడ చేయవలసిన పని. జమోవి గమనిక అంకెల పరంగా అబద్ధం కాదు. అనుమానాన్ని సరైన చోటే చూపించింది. కానీ ఆ పిల్ల అడిగిన ప్రశ్న దానికి వినిపించదు, ఫీల్డ్ డైరీ చదవని గైడుకూ వినిపించదు.

శాంపిల్ పరిమాణం గురించి ఒక మాట. మన విశ్వవిద్యాలయాల్లో సర్వే అనగానే 384 అనే అంకె మంత్రంలా పలుకుతుంది. క్రెజ్సీ, మోర్గాన్ 1970లో ఇచ్చిన పట్టికలో పది లక్షల జనాభాకు ఎదురుగా ఉన్న సంఖ్య అది; ఒక శాతాన్ని 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూగా అంచనా వేయడానికి సరిపోతుంది. రెండు గుంపులను పోల్చడానికి దానితో సంబంధం లేదు. మధ్యరకం తేడాను 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టే అవకాశంతో), 0.05 స్థాయిలో పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది, మొత్తం 128 మంది చాలు. జమోవిలో జేపవర్ అనే మాడ్యూల్ (అదనపు భాగం) వేసుకుంటే ఈ లెక్క ఒక గ్రాఫుతో సహా వస్తుంది. ఎక్కడెక్కడ పవర్ పలచబడుతుందో రంగుల్లో చూసిన విద్యార్థి మళ్లీ 384 అనడు.

అయితే 64 అయినా 384 అయినా మనుషులను విడివిడిగా ఎంచుకున్నప్పటి మాట. మన ఫీల్డ్‌లో అలా జరగదు. గ్రామానికి వెళ్లి, అంగన్‌వాడీ టీచరును పట్టుకుని, ఆమె పిలిచిన ఇరవై మందిని వరసగా అడిగి వస్తాం. ఒకే ఊరివాళ్ల జవాబులు కొంత ఒకలాగే ఉంటాయి. ఆ పోలిక 0.05 అనే చిన్న మోతాదులో ఉన్నా, ఊరికి ఇరవై మంది చొప్పున తీసుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (ఈ పోలిక వల్ల శాంపిల్‌ను ఎంతతో భాగించాలో చెప్పే అంకె) 1.95 అవుతుంది. అంటే ఇరవై ఊళ్లలో కలిసిన 400 మంది మహిళలు లెక్కలో 205 మంది పెట్టు మాత్రమే. మామూలు టి-టెస్ట్ ఈ సంగతిని పట్టించుకోదు. మార్చెల్లో గల్లూచి తయారుచేసిన గామ్‌ఎల్‌జే మాడ్యూల్‌తో ఊరిని ఒక స్థాయిగా పెట్టి, ఈ పోలికను లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ నడపవచ్చు. మూడు రోజుల వర్క్‌షాప్‌లో దీన్ని నేర్పడం కష్టమే. నేర్పకపోతే మాత్రం సంఘాలపై మన దగ్గర వస్తున్న వ్యాసాల్లో సగం ప్రమాణాలకు నిలవవని నా అభిప్రాయం.

లోపాలు లేకపోలేదు. కై-స్క్వేర్ (రెండు వర్గీకరణల మధ్య సంబంధం చూసే పరీక్ష) చేసినప్పుడు ఎన్ని గడుల్లో ఎక్స్‌పెక్టెడ్ కౌంట్ (సంబంధం లేకపోతే ఉండవలసిన సంఖ్య) 5 కంటే తక్కువ ఉందో, అంటే ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో, ఎస్‌పీఎస్‌ఎస్ పట్టిక కిందనే చెప్పేస్తుంది. జమోవిలో ఆ కౌంట్లకు మనమే టిక్ పెట్టి కళ్లతో వెతుక్కోవాలి. అరవై మంది శాంపిల్‌ను ఐదు ఆదాయ వర్గాలుగా, నాలుగు సంతృప్తి స్థాయిలుగా చీల్చి ఇరవై గడుల పట్టిక వేసే మన విద్యార్థుల చేతిలో ఇది ప్రమాదకరమైన మౌనం. రెండోది, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వంటి డేటాకు ఇది తగదు. 2019–21 నాటి ఐదో విడతలో 7,24,115 మంది మహిళలను ప్రశ్నించారు. వాటిని విశ్లేషించాలంటే వెయిట్లు (ఒక్కొక్కరి జవాబుకు ఇచ్చే బరువు), క్లస్టర్లు (ఎంచుకున్న ఊళ్లు, వార్డులు), స్ట్రాటాలు (ముందే చేసుకున్న విభజనలు) మూడింటినీ లెక్కలోకి తీసుకోవాలి. జమోవిలో మామూలుగా ఉండే విశ్లేషణల్లో ఆ ఏర్పాటు లేదు. అలాంటి పనికి ఆర్‌లోని సర్వే ప్యాకేజీకి వెళ్లవలసిందే. ఇక ఇంటర్వ్యూ పాఠాలను కోడ్ చేసే గుణాత్మక పరిశోధనకు ఇది పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు.

పీర్ రివ్యూ వైపు నుంచి చూస్తే జమోవి విలువ మరోలా కనిపిస్తుంది. సోషల్ వర్క్‌లో పీర్ రివ్యూ మీద జరిగిన అత్యంత వివాదాస్పదమైన ప్రయోగం అమెరికాలో విలియం ఎప్‌స్టైన్ చేసినది. ఉబ్బసం ఉన్న పిల్లలను కొన్నాళ్లు తల్లిదండ్రుల నుంచి వేరుగా ఉంచడం గురించిన ఒక కల్పిత వ్యాసాన్ని రెండు రూపాల్లో తయారుచేసి, వందకు పైగా పత్రికలకు పంపాడు. ఒక రూపంలో జోక్యం ఫలించింది, మరోదానిలో ఫలించలేదు. పద్ధతి రెండింటిలోనూ ఒకటే. ఫలించిందన్న రూపం వైపే సోషల్ వర్క్ పత్రికలు మొగ్గాయని, రివ్యూల నాణ్యత కూడా నాసిగా ఉందని 1990లో ప్రకటించాడు. సంపాదకులను మోసగించాడంటూ అక్కడి సోషల్ వర్కర్ల జాతీయ సంఘానికి అతనిపై నైతిక ఉల్లంఘన ఫిర్యాదు కూడా వెళ్లింది. 2004లో మళ్లీ అదే ప్రశ్నపై మరో అధ్యయనం ప్రచురించాడు. మోసం తగునా కాదా అన్న చర్చ అలా ఉంచితే, ఫలితాన్ని చూసి పద్ధతిని మెచ్చుకునే జబ్బు నాలోనూ ఉందని రివ్యూయర్‌గా నాకు తెలుసు. అందుకే ఇప్పుడు ఏ వ్యాసం వచ్చినా ముందు పద్ధతి, పట్టికలు చదివి, సారాంశం చివర చదువుతాను.

పట్టికలు చదవడానికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కరలేని ఒక చిట్కా ఉంది. నిక్ బ్రౌన్, జేమ్స్ హెదర్స్ దీనికి గ్రిమ్ అని పేరు పెట్టారు. 28 మందిని ఒకే ప్రశ్న అడిగి, 1 నుంచి 5 వరకు పూర్ణ సంఖ్యల్లో జవాబులు తీసుకున్నారనుకోండి, సగటు 3.47 అని వ్యాసంలో ఉంది. మొత్తం 97 అయితే సగటు 3.46, 98 అయితే 3.50. ఈ రెండింటి మధ్య 3.47 ఎలా పుడుతుంది? ఎవరో జవాబివ్వక తప్పుకుని ఉండాలి, లేదా అంకె ఎక్కించడంలో పొరపాటై ఉండాలి, లేదా ఇంకేదో. రచయిత చేతిలో జమోవి ఫైలు ఉంటే ఐదు నిమిషాల్లో జవాబు చెప్పగలడు, ఎందుకంటే ఓఎంవి అనే ఆ జమోవి ఫైలులో డేటా, పెట్టిన టిక్కులు, వచ్చిన పట్టికలు అన్నీ కలిసే ఉంటాయి. ఫిల్టర్ పెట్టి కొందరిని తప్పిస్తే ఏ అడ్డు వరుస, అంటే ఎవరి జవాబులు, ఉన్నాయో ఏవి పోయాయో టిక్కు, ఇంటూ గుర్తులతో కనిపిస్తుంది. రెండో రివ్యూయర్ నన్నడిగిన మూడో ప్రశ్నకు జవాబు ఇదే.

కానీ ఈ సుగుణంలోనే మా వృత్తికి ఒక ముప్పు దాగి ఉంది. ఫలితాలు చూపిద్దామని ఆ ఫైలును ఎవరికైనా పంపితే, డేటా కూడా దానితోపాటే వెళ్లిపోతుంది. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిపై, గృహహింస బాధితులపై, మద్యం మానిపించే కేంద్రాల్లో ఉన్నవారిపై పనిచేసేవాళ్లం మనం. షెడ్యూలు మీదున్న పేరు, ఊరు, ఫోన్ నంబరు అలవాటుగా మొదటి మూడు నిలువు వరుసల్లో ఎక్కించే విద్యార్థులను నేను ఏటా చూస్తున్నాను. ఒకసారి ఓఎంవి ఫైలు తరగతి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. తెరిస్తే మొదటి నిలువు వరుసలో మనుషుల పేర్లున్నాయి. ఆ ఫైలును తీయించడానికి పట్టిన పది నిమిషాలు నాకు పది గంటల్లా గడిచాయి. అప్పటినుంచి షెడ్యూలుకు కోడ్ నంబరు వేశాకే డేటా ఎక్కించాలి, పేరుకూ నంబరుకూ జత కలిపే పట్టీ కాగితం మీద మాత్రమే ఉండాలి, అది నా బీరువాలో ఉండాలి.

ఎక్కడ ప్రచురించాలన్న గొడవ వేరే ఉంది. పీహెచ్‌డీ సమర్పణకు ముందు వ్యాసం ప్రచురించి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022 నిబంధనల్లో తొలగించింది. పత్రికల మంచిచెడులకు కొలబద్దగా వాడుకున్న కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. ఇక ఏ పత్రిక నిజంగా రివ్యూ చేయిస్తుందో, ఏది డబ్బు కట్టగానే రెండు రోజుల్లో ‘అంగీకరించబడినది’ అని లేఖ పంపుతుందో తేల్చుకోవలసిన పూచీ విభాగాలపైనే పడింది. ఫైలు మీద, ఎఫెక్ట్ సైజు మీద, శాంపిల్ మీద ఒక్క ప్రశ్నైనా రాని రివ్యూను రివ్యూగా మేము లెక్కపెట్టడం లేదు.

ఎం.ఎస్.డబ్ల్యూ. డిసెర్టేషన్‌కు, స్కేల్‌తో చేసే పీహెచ్‌డీకి జమోవిని నిస్సంకోచంగా వేసుకోమంటాను. నాలుగో అధ్యాయంలో సాఫ్ట్‌వేర్ పేరుతోపాటు దాని వెర్షన్ నంబరు, వాడిన మాడ్యూళ్ల పేర్లు తప్పక రాయండి. మాడ్యూళ్లు వేర్వేరు వ్యక్తులు తయారుచేసినవి, వాటి బాగోగులూ వేర్వేరుగానే ఉంటాయి. ఈ ఏడాది నుంచి మా దగ్గర వైవాకు (మౌఖిక పరీక్షకు) బైండింగ్ చేసిన కాపీతోపాటు, పేర్లు తీసేసిన ఓఎంవి ఫైలు కూడా తీసుకురావాలి. పరీక్షకులు ఏదో ఒక పట్టిక మీద వేలు పెట్టి, దీన్ని మా ఎదుట మళ్లీ చేసి చూపించమంటారు. మొన్నటి బ్యాచ్‌లో ఒక విద్యార్థి ఫైలు తెరిచి, కై-స్క్వేర్ పట్టికకు ఎక్స్‌పెక్టెడ్ కౌంట్ల టిక్ పెట్టి, గడులు లెక్కపెట్టుకుని, “మేడం, ఈ పట్టిక నిలవదు, రెండు వర్గాలను కలిపి మళ్లీ చేస్తాను” అని అక్కడే చెప్పి, చేసి చూపించాడు.